ఇల్లందు అడవులు – సింగరేణి గనులు: ఒక చారిత్రక పరిశీలన

శతవార్షికోత్సవ సంచికలో బిషప్పుల చరిత్ర, పాఠశాలల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర వ్రాయుటకు నాకంటె అర్హులైన పెద్దలు ఎందరో ఉన్నారు. నేను మాత్రము ఆ చరిత్రలన్నింటికీ అడుగున ఉన్న నేలను గూర్చి వ్రాయదలచినాను. అడుగున అను మాట ఇక్కడ అలంకారము కాదు. డోర్నకల్ నుండి తూర్పుగా కారేపల్లి, ఇల్లందు, కొత్తగూడెము, మణుగూరు మీదుగా గోదావరి ఒడ్డు వరకు పోయిన అడవి దేశములో అనేక చోట్ల భూమి క్రింద బొగ్గు ఉన్నది. ఆ బొగ్గు కొరకు రైలుపాయ వచ్చినది. ఆ పాయ చీలుచోట జంక్షను వచ్చినది. ఆ జంక్షను ఊరికి మిషనరీలు వచ్చినారు. ఈ వరుసను మన సంఘములలో పెద్దలు మరచిపోవుచున్నారు. పిల్లలకైతే అసలు తెలియదు.

మొదట ఆ దేశము ఎట్టిదో చెప్పవలెను. పడమట మున్నేరు, తూర్పున గోదావరి. నడుమ కిన్నెరసాని, ముర్రేడు వంటి వాగులు. ములుగు వైపు కొండలలో పుట్టిన కిన్నెరసాని అడవినంతటినీ చీల్చుకొని వచ్చి బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలియును. టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు – ఇవి ఈ అడవి సంపద. ఇప్పపువ్వు రాలు కాలములో ఎలుగుబంటి భయము, వానకాలములో వాగుల భయము, వానలు వెనుకబట్టిన తరువాత మన్యపు జ్వరము. ఇక వేసవి సంగతి కొత్తగూడెము వారికి నేను చెప్పనక్కరలేదు. మన రాష్ట్రములో మిక్కిలి వేడిగల ఊళ్ళ పేర్లు చదువునప్పుడు కొత్తగూడెము, రామగుండము ప్రతి ఏటా వినబడును. రెండును బొగ్గు ఊళ్ళే.

రైలు రాకముందు ఈ దారిన వచ్చువారు ముఖ్యముగా భద్రాచలము యాత్రికులు, బండ్లమీద ఉప్పు తెచ్చువారు, తిరిగి ఇప్పపువ్వు, చింతపండు, తేనె కొనిపోవువారు. అడవిలో నివసించినవారు కోయలు. ఇల్లందుకు పూర్వపు పేరు ఇల్లెందులపాడు. నిజాము ప్రభుత్వపు పాత కాగితములలో ఆ పేరే కనబడును. సింగరేణి అనునది దాని సమీపమున ఉన్న చిన్న గ్రామము. ఆ చిన్న గ్రామము పేరు ఒక మహా సంస్థకు అంటుకొని, నేడు వందల మైళ్ళ దూరములోని గనులకు కూడ అదే పేరు చెప్పుచున్నారు. ఇట్టి చమత్కారములు ఇక్కడ ఇంకను కలవు. కొత్తగూడెము రైలు స్టేషను పేరు భద్రాచలం రోడ్. భద్రాచలము అక్కడనే ఉన్నదనుకొని దిగిన కొత్తవారు ఇంకను సుమారు 40 కిలోమీటర్లు బస్సులో పోవలెనని తెలిసికొని తెల్లబోవుట నేను చాలమారులు చూచినాను.

బొగ్గుకంటె ముందు రాతి మాట చెప్పవలసి ఉన్నది. ఎందుకనగా మన సంఘస్థులలో ఈ విషయమై ఒక పొరపాటు అభిప్రాయము వ్యాపించియున్నది. గోదావరికి పడమటి ఒడ్డున, పినపాక మండలములోని జానంపేట చుట్టుపట్ల, ఇంకను పైకి కాటాపూరు, మల్లూరు వైపు, అడవులలో పెద్ద పెద్ద బండలతో పెట్టెలవలె కట్టిన సమాధులు గుంపులు గుంపులుగా ఉన్నవి. వాటి నడుమ కొన్ని చోట్ల ఒకే రాతిని చెక్కి నిలిపిన సిలువ ఆకారములు, మనిషంత ఎత్తువి, నిలిచియున్నవి. 1868లో ముల్హెరన్ అను సర్వే అధికారి వీటిని గూర్చి బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాసినాడు. తరువాత 1872లో ఫెర్గూసన్ అను పండితుడు పాషాణ కట్టడములను గూర్చిన తన పెద్ద గ్రంథములో వీటిని చేర్చి, ఇవి క్రైస్తవ చిహ్నములు కావచ్చునని తలచినాడు. అది మొదలు ఈ మాట నడచుచునే ఉన్నది. మన సభలలో కొందరు ఉత్సాహవంతులు, అపొస్తలుడైన తోమా ఈ దారిననే నడచినాడని, గోదావరి అడవులలో పూర్వమే సంఘము ఉండెనని ప్రసంగించుట నేను విన్నాను.

నేను ఆ మాటను ఒప్పుకొనజాలను. ఆ రాళ్ళు సమాధుల మధ్య నిలిచినవి. ఆ సమాధులు ఇనుప యుగమునకు చెందినవి. ఆ రాతి పెట్టెల ఆచారము దక్కనులో క్రీస్తు పుట్టుకకు అనేక శతాబ్దములకు ముందే మొదలైనది. పైగా ఆ సిలువ ఆకారములలో కొన్నింటిమీద స్త్రీ రూపమును తెలుపునట్లు వక్షము చెక్కబడియున్నది. దానినిబట్టి అవి సిలువలు కావు, చేతులు చాచిన మనుష్యుల రూపములని, బహుశా చనిపోయిన వారికి గుర్తుగా నిలిపినవని నేటి పురావస్తు పరిశోధకులు చెప్పుచున్నారు. ఆ మాటయే నాకు సబబుగా తోచుచున్నది. మనది కాని దానిని మనదని చెప్పుకొనుటవలన సువార్తకు వచ్చు గౌరవము ఏమియు లేదు. అడవిలో తమ చచ్చినవారి జ్ఞాపకార్థము అంత బరువైన రాళ్ళను మోసి నిలిపినవారెవరో, వారిని వారుగా ఉండనిచ్చుట మేలు. వేసవి సెలవులలో యౌవనులను అక్కడకు తీసికొనిపోయి చూపుడు. కాని దయచేసి రాళ్ళమీద సున్నముతో పేర్లు వ్రాయనీయకుడు.

తెల్లవారు ఈ అడవిలోనికి మొదట వచ్చినది బొగ్గు కొరకు కాదు, నీటి దారి కొరకు. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన కాటన్ దొరగారికి గోదావరిని సముద్రము నుండి మధ్య పరగణాల వరకు పడవల దారిగా చేయవలెనని పెద్ద కోరిక ఉండెను. అక్కడి ప్రత్తిని రైలు లేకుండ నీటిమీదనే తీరమునకు తెప్పించవచ్చునని ఆయన లెక్క. కాని నదికి మూడు చోట్ల రాతి అడ్డములు ఉన్నవి. మొదటి అడ్డము భద్రాచలమునకు పైన దుమ్ముగూడెము వద్ద. అక్కడ ఆనకట్ట, లాకులు, కాలువ కట్టించుటకు నియమింపబడిన ఇంజనీరు కెప్టెన్ హేగ్. జ్వరములకు కూలీలు పారిపోవుట, వరదలకు పని కొట్టుకొనిపోవుట, ఖర్చు పెరుగుట – ఇట్లు పది సంవత్సరములు గడచి, 1871లో ప్రభుత్వము ఆ పనిని మానివేసినది. లక్షల రూపాయలు నీటిపాలైనవని అప్పటివారు ఎగతాళి చేసినారు.

కాని హేగ్ గారు దుమ్ముగూడెములో మరియొక పనిని కూడ ఆరంభించినారు. 1860 ప్రాంతములో, ఆయన క్రింద ఉద్యోగము చేయుచుండిన ఐ. వి. రాజు గారు, క్షత్రియ కుటుంబములో పుట్టి క్రీస్తును అంగీకరించినవారు, కోయల మధ్య సేవకు పూనుకొన్నారు. అదియే సి.ఎం.ఎస్. వారి కోయ మిషను. రాజు గారు తరువాత గురువుగా అభిషేకము పొందినారు. ఒక తెలుగువాడు తన కులమును, ఉద్యోగమును వదలుకొని ఆ జ్వరాల దేశములో కాపురముండుట ఎంత పనియో ఆలోచించుడు. ఆయన పేరు మన యౌవనులలో నూటికి ఒక్కనికి కూడ తెలియదు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ దొరగారు అనేక సంవత్సరములు అక్కడ ఉండి, భద్రాచలము, రేకపల్లి తాలూకాల కోయలను గూర్చి, వారి వివాహములు, పండుగలు, నమ్మకములను గూర్చి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వ్రాసిన వ్యాసములను నేటికిని పరిశోధకులు చదువుచున్నారు. కోయ భాషలో లూకా సువార్త 19వ శతాబ్దములోనే అచ్చయినది. అయినను కోయలలో సంఘము పెద్దగా పెరుగలేదు. ఇందుకు కారణములు అనేకములు చెప్పుదురు. మిషనరీ వచ్చిన దారిననే ఫారెస్టు గార్డు, షావుకారు, గుత్తదారు కూడ వచ్చినారు గదా, కోయవాని కంటికి వీరందరును ఒకే బండిలో దిగినవారుగా కనబడియుందురని నా అభిప్రాయము.

ఇక బొగ్గు. భద్రాచలము పోవు యాత్రికులు ఇల్లందు అడవిలో మజిలీ చేసి, మూడు నల్ల రాళ్ళు పొయ్యిగా పెట్టి వంట చేయగా, ఆ రాళ్ళే అంటుకొని మండినవను కథ సింగరేణి ప్రాంతములో ప్రతి ఇంటను చెప్పుదురు. కథ నిజమైనను కాకపోయినను, కాగితము మీద నిలిచిన పేరు మాత్రము డాక్టర్ విలియం కింగ్ గారిది. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన ఆయన 1871లో ఈ ప్రాంతమును పరిశీలించి, ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్లు గుర్తించినారు. అందుచేతనే అక్కడి ముఖ్యమైన బొగ్గు పొరకు కింగ్ సీము అని పేరు. చాలమంది గని కార్మికులు కూడ దీనిని రాజుగారి పొర అనుకొందురు. దానికి పైన ఉన్న మరియొక పొరకు క్వీన్ సీము అని పేరుండుటవలన ఆ భ్రమ ఇంకను గట్టిపడినది!

ఈ బొగ్గు పుట్టి సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరములైనదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అప్పుడు దక్షిణ ఖండములన్నియు ఒకటిగా ఉండెనట. చిత్తడి నేలలలో పెరిగిన చెట్లు కూలి, వాటిమీద ఇసుక, ఒండ్రు పేరుకొని, నేల క్రుంగుకొలది మరల చెట్లు పెరిగి, మరల కూలి, పొరమీద పొరగా నొక్కుకొని బొగ్గు అయినవి. గ్లోసాప్టెరిస్ అను చెట్టు ఆకుల అచ్చులు ఆ పొరల వెంట ఉన్న రాళ్ళలో నేటికిని కనబడును. ఆ రాళ్ళ వరుసకు గోండ్వానా అని 1872లో పేరు పెట్టినది మెడ్లికాట్ అను శాస్త్రజ్ఞుడు. అది మన గోండుల దేశము పేరే. ప్రపంచములోని భూగర్భ శాస్త్ర విద్యార్థులందరు ఉచ్చరించు ఆ పేరు గల ప్రజలకు 1940లో కొమరం భీము కాలము వరకు తమ పోడు భూమి మీదనే హక్కు లేకుండెను. ఆ సంవత్సరముననే జోడేఘాట్ వద్ద ఆయన పోలీసుల కాల్పులలో చనిపోయినాడు.

ప్రాణహిత గోదావరి లోయ వెంట ఈ బొగ్గు పట్టీ సుమారు 350 కిలోమీటర్ల పొడవున ఉన్నది. బొగ్గుకంటె తరువాతి కాలపు రాళ్ళలో యామనపల్లి దగ్గర దొరికిన మహా జంతువు అస్థిపంజరమునకు 1988లో కోటసారస్ అని పేరిడినారు. హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియములో దానిని నిలబెట్టియున్నారు. పిల్లలను తీసికొని వెళ్ళువారు అది మన దేశపుదేనని చెప్పుడు.

బొగ్గు దొరికినది గాని దానిని త్రవ్వు హక్కు ఎవరికి? ఈ కథ అంత శుభ్రమైనది కాదు. 1883లో నిజాము రాజ్యములో రైలు మార్గమును చాందా వరకు పొడిగించి ఇంగ్లీషు కంపెనీకి అప్పగించు పథకము బయలుదేరినప్పుడు, దాని షరతులు ప్రజలకు తెలుపవలెనని కొందరు విద్యావంతులు సభలు పెట్టినారు. వారిలో ముఖ్యుడు నిజాం కళాశాలతో సంబంధముగల అఘోరనాథ చటోపాధ్యాయ గారు, సరోజినీ నాయుడు గారి తండ్రి. ఆయనను ఉద్యోగమునుండి తొలగించి రాజ్యము నుండి పంపివేసినారు. మూడు సంవత్సరములకు, 1886లో, రాజ్యములోని గనుల హక్కులు 99 సంవత్సరములకు ఇద్దరు ఇంగ్లీషువారికి దక్కినవి. వారు లండనులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ స్థాపించినారు. ఈ వ్యవహారము నడిపిన నిజాము అధికారి అబ్దుల్ హఖ్ తన స్వంత వాటాలనే నిజాము ప్రభుత్వము చేత లండను బజారులో కొనిపించినట్లు బయటపడగా పెద్ద అల్లరి అయినది. 1888లో బ్రిటిషు పార్లమెంటు కమిటీ విచారించినది. ఆయన పదవి పోయినది, కంపెనీ మాత్రము నిలిచినది. మరుసటి సంవత్సరము, 1889లో, ఇల్లందులో బొగ్గు పైకి వచ్చుట ఆరంభమైనది.

త్రవ్విన బొగ్గు అడవిలో పడియుండిన ఏమి లాభము? సికింద్రాబాదు నుండి రైలు 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరినది. ఆ దారిలో డోర్నకల్ నుండి బొగ్గు గనులకు సుమారు 16 మైళ్ళ పాయ వేసినారు. ఆ పాయ చీలిన చోటు గనుక డోర్నకల్ జంక్షను అయినది. ఇంజనులకు నీరు, బొగ్గు పట్టుచోటు, రైలు ఉద్యోగుల ఇండ్లు, చిన్న బజారు – అంతవరకు ఎవరును ఎరుగని పల్లె ఒక్కసారిగా మద్రాసువారికి, హైదరాబాదువారికి తెలిసిన పేరైనది.

తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ 1903లో పుట్టినది. విదేశ ధనము లేకుండ, మన దేశపు మనుష్యులచేత, మన దేశపు ధనముతో సువార్త పని చేయవలెనని దాని ఉద్దేశము. వారు ఏరుకొన్న పొలము ఈ డోర్నకల్ ప్రాంతము. మొదట వచ్చిన మిషనరీ సామ్యూల్ పాక్కియనాథన్ గారు. తమిళుడు. తెలుగు అక్షరము అక్షరము నేర్చుకొని పల్లెలు తిరిగినారు. 1909లో వేదనాయగం సామ్యూల్ అజరయ్య గారు గురుత్వము పొంది డోర్నకల్ వచ్చినారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషేకింపబడినప్పుడు, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు కూర్చున్న పీఠము ఈ బొగ్గుపాయ మొగదలలో ఉన్న ఊరు. పెద్ద పట్టణములన్నియు ఉండగా డోర్నకల్ ఎందుకు అని అడుగువారికి నేను రైల్వే పటము చూపుదును. దైవ చిత్తము అను మాటను నేను కాదనుట లేదు. ఆ చిత్తము జంక్షను మీదుగా వచ్చినదని మాత్రము అనుచున్నాను. అక్కడి ఎపిఫనీ కతీడ్రల్, హిందూ దేవాలయపు స్తంభములు, ముసల్మానుల గుమ్మటములు కలిపి కట్టినది, 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. అజరయ్య గారు 1945 జనవరి 1న అక్కడనే కన్ను మూసినారు.

బిషప్పుల మాట ఇతరులు వ్రాయుదురు గనుక ఇక గనిలోనికి దిగుదము.

మన ప్రాంతములో గనిని బాయి అందురు. బొగ్గుబాయి. నేలలోనికి ఏటవాలుగా దిగు దారిని ఇంక్లైను అందురు. ఇల్లందు, కొత్తగూడెము పేటలకు నంబరు ఇంక్లైను అను పేర్లు ఉండుట దానివలననే. లోపల బొగ్గును గళ్ళు గళ్ళుగా త్రవ్వి, నడుమ స్తంభములు విడిచి పోవుదురు. పై కప్పు కూలకుండ మొద్దులు పోటు పెట్టుదురు. ఆ మొద్దులు చుట్టుపట్ల అడవినుండి వచ్చినవే. బొగ్గుబాయి ఎంత లోతుకు పోయినదో అడవి అంత వెనుకకు పోయినదని ఇల్లందులో ఒక వృద్ధ సంఘ పెద్ద నాతో అన్నారు. బొగ్గును మందుపెట్టి పేల్చిన తరువాత దానిని తట్టలోనికి ఎత్తు పారను చెమ్మస్ అందురు. తట్టా చెమ్మస్ పని అనగా ఫిల్లరు పని. వంగి తట్ట నింపుట, తలమీద మోసి టబ్బులో పోయుట, మరల వంగుట. మస్టరు పడిన నాటికే కూలి. బదిలీ ఫిల్లరుగా చేరినవాడు పర్మనెంటు అగుటకు ఎన్ని సంవత్సరములు ఎదురుచూచునో సింగరేణి కుటుంబములకు తెలియును. తొలి దినములలో చేతి దీపములే. తలకు పెట్టుకొను ఎలక్ట్రిక్ దీపము 1950ల మాట.

మాల మాదిగ పల్లెలనుండి, తరువాత మన సంఘములు పుట్టిన పల్లెలనుండి, ఎందరో బాయికి పోయినారు. ఎందుకు పోయినారు? ఆ రోజులలో నిజాము ఇలాకా పల్లెలలో వెట్టి ఉండెను. దొర కబురు పంపిన పోవలెను. చెప్పులు కుట్టి ఈయవలెను, కట్టెలు కొట్టి వేయవలెను, ఊరి మీదకు వచ్చిన అధికారి సామాను మోయవలెను. కూలి మాట లేదు. అప్పు తీసికొన్నచో కొడుకు కూడ జీతమునకు ఉండవలెను. బాయిలో చావు ఉండవచ్చును గాని నెలకు చేతిలో రూపాయలు పడును, దొర ముందర చెప్పులు విడిచి నిలువనక్కరలేదు. ఆ వృద్ధ పెద్ద ఇంకొక మాట అన్నారు: తన తండ్రి గనిలో చీకటిలో నడుము వంచినాడు గాని, వెలుతురులో ఎవనికిని వంచలేదట. సింగరేణి చరిత్ర వ్రాయువారు టన్నుల లెక్క వ్రాయుదురు. ఈ లెక్క ఎవరును వ్రాయరు. నా మట్టుకు నాకు, మన సంఘముల చరిత్రకు ఇది టన్నులకంటె ముఖ్యము. చదువుకొన్న మొదటి తరమును ఈ కూలి డబ్బులే చదివించినవి.

అట్లని బాయిని పొగడుట నా ఉద్దేశము కాదు. దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై నలుబది ఏండ్లకే ముసలివారైనవారిని పాత సంఘ పెద్దలు ఎరుగుదురు. కప్పు కూలుట, నీరు వచ్చి పడుట, వాయువు అంటుకొనుట – మూడు విధముల మృత్యువు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయినారు. ఇది మన కాలములో, యంత్రములు, రక్షణ నియమములు అన్నియు ఉన్న కాలములో జరిగినది. అందుకు నూరేండ్ల క్రితము చేతి దీపములతో దిగినవారి గతి ఎట్లుండెనో ఊహించుకొనవచ్చును.

యాజమాన్యపు మార్పులను క్లుప్తముగా చెప్పి ముగింతును. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులను తీసికొన్నది. 1927లో కారేపల్లి నుండి కొత్తగూడెమునకు రైలు వచ్చినది. రానురాను ఇల్లందు వెనుకబడి కొత్తగూడెము ముఖ్యస్థానమైనది. అదే కాలములో బెల్లంపల్లి వైపు గనులు తెరచినారు. 1929 నాటికి కాజీపేట బల్హార్షా మార్గము పూర్తియై ఉత్తర హిందూస్థానమునకు దారి ఏర్పడినది. 1945లో నిజాము ప్రభుత్వము కంపెనీ వాటాలలో అధిక భాగమును కొన్నది. 1956లో ఆంధ్ర ప్రదేశ్‌కు, 2014లో తెలంగాణకు ఆ వాటాలు సంక్రమించినవి. నేడు రాష్ట్రమునకు 51, కేంద్రమునకు 49 వంతుల చొప్పున వాటా ఉన్నది.

కోయలకు ఏమి దక్కినది అను ప్రశ్న మిగిలియున్నది. అయిదవ షెడ్యూలు ప్రాంతములలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోగూడదని 1970లో వచ్చిన 1/70 చట్టము చెప్పుచున్నది. 1997లో సుప్రీము కోర్టు సమత కేసు తీర్పులో, అట్టి ప్రాంతములలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఈయరాదని చెప్పినది. ప్రభుత్వ సంస్థలకు మాత్రము ఆ అడ్డు లేదు. సింగరేణి ప్రభుత్వ సంస్థ. కనుక గని వచ్చినచోట కోయగూడెము కదలవలసినదే. ఇచ్చిన డబ్బు ఎన్నాళ్ళు ఉండును? దుమ్ముగూడెములో రాజు గారు ఆరంభించిన పనికి వారసులమని చెప్పుకొను మనము, గూడెము కదులునాడు ఆ పక్షమున ఒక అర్జీ అయినను వ్రాసినామా అని మన పాస్టరేటు కమిటీలు తమ మినిట్సు పుస్తకములు తిరగవేసి చూచుకొనవలెను.

1970ల తరువాత ఓపెన్ కాస్టు గనులు పెరిగినవి. భూమిలోనికి దిగుటకు బదులు భూమినే ఎత్తివేయుట ఈ పద్ధతి. ప్రాణాపాయము తక్కువ, బొగ్గు ఎక్కువ, మనుష్యుల అవసరము తక్కువ. 1990ల ఆరంభములో లక్షకు పైగా ఉండిన కార్మికుల సంఖ్య నేడు నలుబది వేల ప్రాంతమునకు తగ్గినది. ఇల్లందు పాత ఇంక్లైనులు మూతపడినవి. క్వార్టర్లు ఖాళీ అగుకొలది సంఘములు పలుచబడినవి. ఆదివారము ఆరాధనలో ముందు బెంచీలమీద పెన్షను పొందువారు, వెనుక బెంచీలు ఖాళీ. పిల్లలు హైదరాబాదులో ఉన్నారు.

ఇందులో నన్ను మిక్కిలి కలవరపరచునది సమాధుల తోటల సంగతి. ఓపెన్ కాస్టు విస్తరించునప్పుడు ఇంటికి, బావికి, చెట్టుకు లెక్క కట్టుదురు. సమాధికి లెక్క ఎట్లు కట్టవలెను? బాయిలో పోయిన ఫిల్లరుకు చాలచోట్ల పేరు చెక్కిన రాయి కూడ లేదు. మట్టి దిబ్బ, ఒక కర్ర సిలువ, రెండు వానలకు అదియు పోవును. అట్టివారి పేరు మిగిలినది మన భూస్థాపన రిజిస్టరులో మాత్రమే. వివాహపు రిజిస్టరులో వృత్తి అను గడి ఉండును గనుక, ఎవరు ఏ పని చేసినారో కూడ అందులో తెలియును. బొగ్గు ప్రాంతపు పాస్టరేటులలో ఈ పుస్తకములు చెక్క పెట్టెలలో చెదలు పట్టుచున్నవి. ప్రతి పాస్టరేటులోను ఇద్దరు యౌవనులు కూర్చుండి పేరు, ఊరు, వృత్తి, తేదీ ఒక నోటు పుస్తకములోనికి ఎత్తి వ్రాసి, ఒక ప్రతిని డోర్నకల్ కార్యాలయమునకు పంపవలెనని కోరుచున్నాను. వ్రాయుటకు ఓపిక లేనివారు సెల్ ఫోనుతో ఒక్కొక్క పుటను ఫోటో తీసినను చాలును. ఇల్లందు పుస్తకములతో మొదలుపెట్టుట మంచిది. అవి అన్నింటికంటె పాతవి, అన్నింటికంటె శిథిలమైనవి.